రెండు వేళ్ళ బేస్

ఫిల్మ్ నగర్‌లో గిటార్ పాడైతే బాగుచేసేవాళ్ళు ముగ్గురు నలుగురు ఉన్నారు. బాగున్న గిటార్‌ని పట్టుకుని "ఇది ఇలా కాదు, నాకు ఇంకోలా కావాలి" అనేవాళ్ళకు మాత్రం సత్యలక్ష్మి ఒక్కతే దిక్కు. క్యాటరింగ్ వంటశాలకూ, డ్యాన్సర్ల బట్టలు కుట్టే టైలర్ షాపుకూ మధ్య ఇరుక్కున్న ఒంటిగది ఆమెది. బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే, "బోర్డు చూసొచ్చేవాళ్ళకి నాతో పనేముంటుందండీ?" అంటుంది. పొగరు అనుకునేవాళ్ళు అనుకుంటారు. పొగరే, అందులో దాచేదేమీ లేదు.

గోడలకు వేలాడే సరుకు చూస్తే గిటార్లు తెలిసినవాడికి కాసేపు కళ్ళు తిరుగుతాయి. అన్నీ లోకమెరిగిన పాత రూపాలే, కానీ ఒక్కటీ కంపెనీలో పుట్టినట్టు ఉండదు. ఒక స్ట్రాటోకాస్టర్ గిటార్‌కి వెనకవైపు లోతుగా గుంట తవ్వి ఉంటుంది. వాయించేవాడి పొట్టకు కంపెనీవాడు కొంత చోటిచ్చాడు గానీ, ఆ చోటు మన ఆర్కెస్ట్రా పొట్టలకు చాలదని సత్యలక్ష్మి తీర్పు. ఒక టెలికాస్టర్‌కి వీణకున్నట్టే పక్కన మూడు తాళం తీగలు. దాని పక్కన, పొట్టి చేతులున్న ఒక అమ్మాయి కోసం మెడ కురచ చేసిన బేస్, అంటే మంద్రంగా మోగే లావు తీగల గిటార్. ఇంకా అటు వెళితే రెండు మెడల ఎర్ర గిటార్, పై మెడ మాండలిన్‌ది, కింది మెడ గిటార్‌ది. చేయించుకున్నాయన రెండూ కలిపి ఎలా వాయిస్తాడని అడిగితే, "అది ఆయన బాధ. మెడలు పెట్టడం వరకే నా పని" అంటుంది.

ఎవరేం అడిగినా ఆమె నోట వచ్చే మాట ఒకటే, "అవుద్ది లెండి." కాదన్న మాట ఆ గదిలో ఇంతవరకూ ఎవరూ వినలేదు. భర్త నాగసాయి సినిమా సెట్లు వేసే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో కార్పెంటర్. అతనూ గిటార్లే చేస్తాడు, ప్లైవుడ్డుతో, థర్మకోల్‌తో. హీరో వాటిని రౌడీల వీపుల మీద విరగ్గొట్టాలి కాబట్టి అవి మోగనక్కర్లేదు, సుఖంగా విరిగితే చాలు. "మీ గిటార్లకి ఒక్క దెబ్బతో ఆయుష్షు తీరిపోద్ది" అని ఆమె వెక్కిరిస్తుంది. "నీవి ఎన్నేళ్ళు మోగినా ఎవరికీ కనపడవు, నావి ట్రైలర్లో ఉంటాయి" అని అతను మీసం దువ్వుకుంటాడు. పెళ్ళైనప్పటి నుంచీ ఈ వాదన తెగలేదు. తెగాలని ఇద్దరికీ లేదు.

సత్యలక్ష్మి పుట్టింది నూజివీడులో, వీణలు చేసే ఇంట్లో. మగవాళ్ళు పనసమొద్దు తొలిచి కుండా దండీ చేసేవాళ్ళు, ఆడవాళ్ళు నగిషీలకు రంగులద్దేవాళ్ళు. స్వరం కోసం తీగను నొక్కిపట్టే మెట్లు కూర్చే పని మాత్రం వాళ్ళ నాన్న ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. గిటార్‌కి మెట్లు కర్రలోకి దిగగొడతారు, వీణకు అలా కాదు. తేనెమైనంలో గుగ్గిలం, మసి కలిపి కాచి, దండి మీద అటొక గట్టు, ఇటొక గట్టు పోస్తారు. అది మెత్తగా ఉండగానే ఇత్తడి మెట్లను ఒక్కొక్కటిగా పెట్టి, తీగ మీటి వింటూ, స్వరం సరిగ్గా పలికేచోటికి జరిపి నొక్కుతారు. మైనం గట్టిపడితే ఇక అది వీణ. చెవి బాగాలేనివాడు ఎంత కొలిచి పెట్టినా అది కర్రే.

ఒకరోజు నాన్న అలా మెట్లు కూరుస్తుంటే, వంటింట్లో పప్పు రుబ్బుతున్న పిల్ల "గాంధారం కిందికుంది నాన్నా" అని అరిచింది. ఆయన కోపంగా లేచాడు. లేచినవాడు ఆగి, మళ్ళీ కూర్చుని, ఆ మెట్టు మీద మరోసారి మీటి చూసుకున్నాడు. తర్వాత వంటింటి గుమ్మం దాకా వచ్చి చేతులు కడుక్కుని రమ్మన్నాడు. ఆ రోజుతో రుబ్బురోలు ఇంకొకరి పాలైంది, మైనం గిన్నె సత్యలక్ష్మి పాలైంది.

పెళ్ళై హైదరాబాదు వచ్చాక చాలాకాలం ఆ చెవికి పని లేకపోయింది. నాగసాయి ఒకసారి నకలు చేయడానికని ఒక అసలు గిటార్ ఇంటికి తెచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ మీటి ముఖం చిట్లించింది. "స్వరానికి ఊపిరాడట్లేదు" అని, ఆకురాయి తీసుకుని రెండు మెట్లు సవరించేసింది. నాగసాయికి ముచ్చెమటలు పోశాయి. మర్నాడు దాని యజమాని వాయించి చూసి, దీన్ని ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. నాగసాయి ముందు తనకేం తెలియదన్నాడు. ఆ తర్వాత ఆయన ముఖం వెలిగిపోవడం చూసి, మా ఆవిడేనండీ అన్నాడు. ఆ మాట స్టూడియోల వెంట పాకింది. ఇంట్లో గిటార్లు ఎక్కువై మంచం వేసుకునే చోటు కరువయ్యాక ఈ గది కిరాయికి తీసుకున్నారు.

జగదీశ్ ఈ గదికి వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. ఎర్రగడ్డ మనిషి. స్టూడియోల్లో బేస్ వాయించి వాయించి తల నెరిసినవాడు. అతని పేరు తెలియకపోయినా అతని బేస్‌కి కాలు ఆడించని తెలుగువాడు ఉండడు. టోలిచౌకి దగ్గర బండి మీంచి పడి ఎడమచెయ్యి నలిగింది. చెయ్యి అతుక్కుంది గానీ, ఉంగరపు వేలూ చిటికెన వేలూ మాట వినడం మానేశాయి. బేస్ మెడ పొడుగు, తీగలు లావు. నాలుగు వేళ్ళూ బార్లా చాపితే తప్ప స్వరాలు అందవు. అప్పట్నుంచి అతను వాయించాల్సిన చోటల్లా ఎవరో ఒకరు కీబోర్డు మీద నొక్కేస్తున్నారు.

"రెండేండ్లాయె అక్కా, నన్నెవ్వలు పిలువలే" అన్నాడు, బేస్‌ని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుని. "ఇప్పుడు భావన మేడం పిలిచింది. అందరు కలిసి వాయిస్తుంటె అట్లనే వీడియో తీస్తరట. మీరు వాయిస్తనంటే మీరే, లేకుంటే కీబోర్డుల పెట్టేస్త అన్నది. మంచిమనిషి గాబట్టి అడిగింది. ఇది గిన పోతే మళ్ళ ఎవరడుగుతరు? మెడ జర కురచ చేస్తవా?"

భావన ఈమధ్యే పేరు తెచ్చుకుంటున్న సంగీత దర్శకురాలు. జూబ్లీహిల్స్‌లో బండల మీద కట్టిన ఇల్లు, ఆ ఇంట్లోనే స్టూడియో.

సత్యలక్ష్మి బేస్ వంక చూడలేదు. అతని చేతి వంక చూసింది. "ఏ వేళ్ళు పనిచేస్తున్నాయండీ?"

"చూపుడు వేలు, నడిమి వేలు. గంతే."

"మరింకేం కావాలి మీకు?"

జగదీశ్‌కి ఒళ్ళు మండింది. బేస్ తీసుకుని లేవబోయాడు.

"కూర్చోండి జగదీశ్ గారూ. వీణంతా ఆ రెండు వేళ్ళ మీదే నడుస్తుంది. ఒక మెట్టు మీద వేలు పెట్టి తీగ పక్కకి లాగితే, పై స్వరాలు రెండు మూడు అక్కడే పలుకుతాయి. వేళ్ళు చాపే పనే లేదు. మెడ కురచ చెయ్యక్కర్లేదు, మీ బేస్‌కి వీణమెట్లు వేస్తాను."

"బేస్‌కి వీణమెట్లా? గట్లెక్కడన్న ఉందా?"

"లేదు. అవుద్ది లెండి."

పటకారుతో పాత మెట్లు ఊడబీకుతుంటే జగదీశ్ చూడలేక బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు. ఆమె ఆ గాడులన్నీ కర్రముక్కలతో పూడ్చింది. వీణమెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి తీగలను రెండు చివరలా పైకి లేపింది. లావు తీగలు తీసేసి, లాగితే సాగే సన్నవి వేసి, శ్రుతి కాస్త దించింది. మైనం కాచి గట్లు పోసింది. కరెంటుతో పనిచేసే భాగాల జోలికి మాత్రం పోలేదు, అవి బంగారంలా ఉన్నాయి. పని పూర్తయ్యాక చూస్తే, అంచుల్లో నల్లబడి మధ్యలో నిప్పురంగున్న పాత బాడీ, దాని మీద నల్లటి మైనపు గట్లు, వాటి మధ్య మెరిసే ఇత్తడి. నాగసాయి చుట్టూ తిరిగి చూసి, "దొర కూతురికి బొట్టూ కాటుకా పెట్టినట్టుంది" అన్నాడు.

మొదట్లో అది జగదీశ్ మాట వినలేదు. అతను పాత అలవాటు కొద్దీ వేళ్ళు చాపేవాడు, ఆమె విసుక్కునేది. "చాపకండి, లాగండి. తీగ తెగితే నా పూచీ, మీ వేలు తెగితే మీది." రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం తీగ లాగితే, కింది స్వరం బరువుగా కదిలి, ఎక్కడా అతుకు కనపడకుండా పై స్వరంలోకి ఎక్కింది. బేస్ బేస్‌లానే ఉంది, కానీ పాడుతోంది. పక్క వంటశాలలో గరిటెల చప్పుడు ఆగింది. జగదీశ్ ఫోన్లో రికార్డు చేసి అక్కడికక్కడే భావనకు పంపాడు.

వెంటనే భావన ఫోన్ చేసింది. "సర్, ఇదేంటి సర్! నేను సాంగ్ మార్చేస్తున్నాను. ఓపెనింగే దీంతో పెడతా. కీస్ ట్రాక్, అదే కీబోర్డ్‌ది, ఊరికే సేఫ్టీకి ఉంచుతాను, ఓకేనా?"

ఆ మాటకు జగదీశ్ నవ్వాడు. రెండేళ్ళ తర్వాత మనసారా నవ్విన నవ్వు అది.

రికార్డింగ్ మే నెలలో పడింది. పొద్దున రిహార్సల్ అద్భుతంగా కుదిరింది. భోజనాలకు లేచేటప్పుడు, కెమెరాలు, వైర్లు, అటూ ఇటూ తిరిగే జనం మధ్య ఎవరైనా కాలితో తంతారేమోనని జగదీశ్ తన బేస్‌ని జాగ్రత్తగా సంచిలో పెట్టి, కిందికి తీసుకెళ్ళి కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. బేస్ వాయించడం మొదలుపెట్టినప్పటి నుంచీ అతను చేస్తున్న పనే అది. గిటార్ వాళ్ళంతా చేసే పనే. కారు జూబ్లీహిల్స్ బండల ఏటవాలు మీద, నీడలేని చోట నిలబడి ఉంది.

వీణలు చేసేవాళ్ళ ఇళ్ళల్లో వీణను ఎండలో పెట్టకూడదని ఎవరూ ఎవరికీ చెప్పరు. పుట్టినప్పటి నుంచీ చూస్తూ పెరుగుతారు. నిప్పులో చెయ్యి పెట్టొద్దని పెద్దవాళ్ళకు చెప్పనట్టే, ఈ సంగతి జగదీశ్‌కి చెప్పాలని సత్యలక్ష్మికి తట్టనే లేదు. అన్నీ తెలిసిన మనిషి, చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పలేదు.

"అక్కా, మెట్లన్ని జారినయ్" అన్నాడు జగదీశ్ ఫోన్లో. "సంచి తెరిస్తే ఒకటి బట్టకే అతుక్కపోయింది."

"ఎండలో పెట్టారా?"

"కార్ల పెట్టిన."

"ఈ ఎండల్లో కార్లో పెడతారా అండీ ఎవరైనా?"

"గిటారే గదా అక్కా! ఇంకేడ పెడ్త?"

నోటి దాకా వచ్చిన తిట్టు ఆమెకు అక్కడ ఆగిపోయింది. ఆ బేస్‌ని గిటార్ కాకుండా చేసింది తనే. నాగసాయి బండి తీస్తే వెనక ఎక్కి కూర్చుంది.

స్టూడియో గదిలో బేస్‌ని బల్ల మీద పడుకోబెట్టి ఉంచారు. మైనపు గట్లు పక్కకు ఒరిగి, మెట్లు ఒకదాని మీదికి ఒకటి జరిగి ఉన్నాయి. చుట్టూ డ్రమ్స్ ఆయన, కీబోర్డు ఆయన, కెమెరావాళ్ళు, గోడకు ఆనుకుని జగదీశ్. భావన వచ్చి మెల్లగా అడిగింది. "మేడం, ఎంత టైం పడుతుంది? కెమెరా యూనిట్‌ని ఈవినింగ్ కల్లా వదిలేయాలి. డ్రమ్స్ సర్‌కి ఫ్లైట్ ఉంది."

మైనం గీకి, మళ్ళీ కాచి, పోసి, మెట్లన్నీ కూర్చి, ఆరనివ్వాలంటే రేపటి దాకా పడుతుంది. సత్యలక్ష్మి నోరు తెరిచింది. ఎప్పుడూ అనే మాట ఆ పూట బయటికి రాలేదు. ఆమెకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది.

ఆ మౌనం భావనకు అర్థమైంది. "పర్లేదు సర్" అంది జగదీశ్‌తో, నొచ్చుకుంటూనే. "కీస్ ట్రాక్ రెడీగా ఉంది కదా. మీరు బేస్ పట్టుకుని కూర్చోండి, వాయిస్తున్నట్టే తీద్దాం. ఎవరికీ తెలియదు."

"డమ్మీ లెక్కనా మేడం?" అన్నాడు జగదీశ్.

గుమ్మం దగ్గర నిలబడ్డ నాగసాయి తల దించుకున్నాడు. మోగని గిటార్ పట్టుకోవడమంటే ఏమిటో ఆ గదిలో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. జగదీశ్ పనికిరాని రెండు వేళ్ళనూ కుడిచేత్తో పట్టుకుని నేల చూస్తున్నాడు.

సత్యలక్ష్మి బేస్ మీదికి వంగి మైనాన్ని బొటనవేలితో నొక్కింది. వేలు దిగింది. వాయించేవాడికి అది కొంప మునగడం. మెట్లు కూర్చేవాళ్ళకు పని మొదలుపెట్టే పదును. కాకపోతే అన్ని మెట్లకూ వ్యవధి లేదు.

"పాట ఏ రాగమమ్మా?" అంది తలెత్తకుండానే.

"మోహన" అంది భావన. "ప్యూర్ మోహన. బయటి స్వరం ఒక్కటి కూడా లేదు."

"జగదీశ్ గారూ, ఇలా రండి. ఈ పాటకి మీ వేళ్ళు ఎక్కడెక్కడ ఆగుతాయో ఆ చోట్లు చూపించండి. ఈ ఒక్క పాటకే. ఎక్కడ లాగి పలికిస్తారో అది నాకు చెప్పక్కర్లేదు, ఆగేచోటు చాలు."

జగదీశ్ కళ్ళు మూసుకుని, చప్పుడు లేకుండా ఆ మెడ మీద పాటంతా నడిచాడు. అతని వేలు ఆగినచోటల్లా ఆమె సుద్దముక్కతో గీత పెట్టింది. చూసుకుంటే ఏడు గీతలు. మిగతా మెట్లన్నీ పీకి నాగసాయి చొక్కా జేబులో పోసింది. "ఏసీ ఎంత చల్లగా పెట్టగలిగితే అంత చల్లగా పెట్టండి. ఐసు తెప్పించండి" అని, చీర కొంగు బిగించి కూర్చుంది.

భావన శ్రుతి పెట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. సత్యలక్ష్మి మెట్టు పెట్టి, మీటి, వెంట్రుకవాసి జరిపింది. "ఇంకొంచెం పైకి" అంది భావన. "నాకూ అదే అనిపిస్తోందమ్మా" అని సత్యలక్ష్మి ఇంకొంచెం జరిపింది. ఇద్దరూ ఒకేసారి "ఆఁ" అన్నారు. ఆ తర్వాత మాటలు అక్కర్లేకపోయింది. ఒకరు మీటడం, ఇద్దరూ వినడం. ఒక్కో మెట్టు కుదిరినప్పుడల్లా నాగసాయి ప్లాస్టిక్ కవర్లో కట్టిన ఐసును దాని పక్కన ఆనించి పట్టుకున్నాడు. అతని వేళ్ళు తిమ్మిరెక్కాయి, అయినా తీయలేదు. కెమెరావాళ్ళు గడియారం చూసుకోవడం మానేసి దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

పని అయ్యేసరికి ఆ బేస్ ఎవరూ ఎప్పుడూ చూడని రూపానికి వచ్చింది. పొడుగాటి మెడ మీద ఏడంటే ఏడే మెట్లు, మధ్యమధ్య ఒట్టి నల్లటి గట్లు. ఆ ఒక్క పాటకు తప్ప దేనికీ పనికిరాని బేస్. సత్యలక్ష్మి దాన్ని లేపి జగదీశ్ చేతికిచ్చింది. "గట్టిగా లాగకండి, నమ్మి లాగండి. అవి కదలవు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో పాత పొగరు తిరిగొచ్చింది.

మొదటి టేకులో పల్లవి దగ్గరే జగదీశ్ తడబడ్డాడు. వేలు మెట్టులేని చోట పడింది, చప్పుడు రాలేదు. భావన చెయ్యెత్తి ఆపింది. "మళ్ళీ వెళ్దాం సర్, తొందరేం లేదు" అంది, ఫ్లైట్ ఉన్నాయన వంక చూడకుండా.

రెండోసారి జగదీశ్ ఎవరి వంకా చూడలేదు. బేస్ ఒక్కటే మొదలైంది. కింద షడ్జం మీద నిలబడి, తీగ లాగి రిషభం, మళ్ళీ లాగి గాంధారం. అది అంత లావు గొంతుతో అంత మెత్తగా పలకడం విని డ్రమ్స్ ఆయన తను అందుకోవాల్సిన చోటును దాదాపు మరిచిపోయాడు. ఆ తర్వాత అందరూ కలిశారు. చరణంలో జగదీశ్ రిహార్సల్లో లేని ఒక లాగు లాగాడు. భావన కళ్ళు పెద్దవయ్యాయి, కానీ ఆపలేదు. కీబోర్డు ఆయన తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. సత్యలక్ష్మి పాట వినలేదు. ఏడు మెట్లనే చూస్తూ కూర్చుంది. ఒక్కటీ కదల్లేదు.

చివరి స్వరం గదిలో కరిగిపోయాక భావన మైకులో సౌండ్ ఇంజనీరుతో అంది, "ఆ కీస్ ట్రాక్ డిలీట్ చేసేయండి." ఆ తర్వాత జగదీశ్ వైపు తిరిగింది. "సర్, నెక్స్ట్ వీక్ ఇంకో పాట ఉంది. మీ డేట్స్ ఉన్నాయా?"

ఫిల్మ్ నగర్‌లో ఆ ప్రశ్న అడిగించుకోవడానికి జనం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తారు. రెండేళ్ళుగా రోజులన్నీ ఖాళీగా ఉన్న మనిషి తలూపబోయి ఏడ్చేశాడు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి బేస్ మీంచి తీయలేదు. "ఉన్నయ్ మేడం" అని ఎలాగో అని, సత్యలక్ష్మి వంక తిరిగి చూశాడు.

సత్యలక్ష్మి అప్పటికే గోళ్ళలో ఇరుక్కున్న మైనం తీసుకుంటూ, నాగసాయి జేబులోంచి తీసిచ్చిన మెట్లను ఏరడం మొదలుపెట్టింది.

"ఆ పాట ఏ రాగమో ముందు చెప్పమనండి" అంది.